ఇంటి చెయ్యి

పోగు తెగితే చప్పుడు కాదంటారు. అవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, మగ్గం మీద సన్ననూలు ఉన్నప్పుడు, చెవి పెట్టి కూర్చున్న వాళ్లకు వినిపిస్తుంది. ఎండిన చింతాకు కాలి కింద నలిగినంత చప్పుడు. రెండు వేల ఆరు మే నెలలో పది రోజులపాటు నేను ఆ చప్పుడు కోసమే చెవి పెట్టి కూర్చున్నాను.

మాది ఎమ్మిగనూరుకు ఆరు మైళ్ల దూరంలోని నేతగాళ్ల ఊరు. వంద మగ్గాలుంటే వాటిలో నలభై బాలసుబ్రహ్మణ్యం శెట్టి గారి కింద నడుస్తాయి. నూలు ఆయన ఇస్తాడు, చీర ఆయన తీసుకుంటాడు. మూడేళ్ల కిందట ఆయన అంగడి వెనక బస్తాల గది ఖాళీ చేయించి, అందులో ఒక త్రాసు, ఒక స్టవ్వు, గాలిలో తేమ కొలిచే గాజు గొట్టాలు పెట్టించాడు. ఆదోనిలో ఒక నూలు మిల్లులో ఒకప్పుడు పరీక్షల గది చూసుకుని, తర్వాత రిటైరైన రాఘవేంద్రప్రసాద్ సారును పిలిపించి అందులో కూర్చోబెట్టాడు. సారుకు అప్పజెప్పిన పని ఒక్కటే. ఎండాకాలంలో కూడా సన్ననూలు తెగకుండా నిలబెట్టే గంజి కనిపెట్టడం.

మగ్గం మీద పొడుగ్గా పరిచే నూలును పడుగు అంటాం. దాన్ని వీధిలో పరిచి కుంచెతో గంజి పట్టిస్తేనే నేతకు ఓర్చుకుంటుంది. మా వైపు ఉగాది దాటితే గాలిలో తడి ఉండదు. గంజి పెళుసెక్కుతుంది, పోగులు తెగుతాయి. అందుకే ఆ మూడు నెలలు మా ఇళ్లలో ముతక నూలే నేస్తారు. కూలి సగమే వస్తుంది. శ్రావణానికి కావలసిన సన్నచీరలు మాత్రం ఆ మూడు నెలల్లోనే నేయాలి. ఆ పని ఏటా తమిళ దేశానికి పోతుంది.

ఊళ్లో ఆ గదికి గంజిబడి అని పేరు పెట్టారు. ఆ బడిలో నేనొక్కదాన్నే పిల్లను. మా ఊరి హైస్కూల్లో పది చదివి, ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ ఉన్నాను. నా దస్తూరి చూసి సారు పిలిపించాడు.

"మాట్లాడని పిల్ల కావల్ల నాకు. మాట్లాడేటోళ్లు లెక్క తప్పుతారు" అన్నాడు మా నాయనతో.

"మాట్లాడనిది కావల్లంటే ఊరంతా వెతికినా ఇదొక్కటే సార్. పుట్టినప్పుడు కూడా ఏడ్వలే" అన్నాడు నాయన. ఆయన పేరు వెంకటప్ప, నలభై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, దోనెతో అడ్డనూలు విసురుతూ కూర్చున్న మనిషి.

ఆ గదిలో నేను నేర్చుకున్న మొదటి పని, చెడిపోయింది కూడా రాయడం. మాడిన గంజి, విరిగిన గంజి, మూడో రోజుకు బూజు పట్టిన గంజి, అన్నీ ఎర్ర సిరాతో రాయించేవాడు సారు. మూడేళ్లలో నా చేతిలో ఎర్ర కలాలు తొమ్మిది అయిపోయాయి. కుదిరింది రాసే నీలం కలం మొదటిదే ఇంకా ఉంది.

శెట్టిగారి కొడుకు కిరణ్‌కుమార్ అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. "మూడేండ్లాయ, మా నాయన ఊరికంతా గంజి కాపిస్తాండాడు. ఒక్క చీర రాలే. ఈ గదిలో తమిళ దేశం నుంచి ఈరోడ్డు చీరలు తెచ్చి పెట్టుకోనుంటే ఈపాటికి ఇంకో అంగడి అయ్యేది."

సారు తన గంజి తాను కలుపుకుంటూ ఉండేవాడు. అతను పోయాక మాత్రం ఒకసారి నాతో అన్నాడు. "మా మిల్లు నూలు ధర పడి మూతబడలే పాపా. ముందు నా గది మూసినారు, దండగ ఖర్చు అని. మొదటి ఏడు లాభం ఎక్కువొచ్చె. రెండో ఏడూ వచ్చె. గది మూసిన ఏడేండ్లకు మిల్లు గేటుకు తాళం పడె. నడమన ఎవరికీ ఏమీ తెలీలే. గది మూయని ఊర్లోళ్లు ఇప్పుడు మనకు నూలు అమ్ముతాండారు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఆ గది తలుపు చూస్తే భయం. దానికి తాళం పడితే నేను మళ్లీ కండెల దగ్గరికి పోతాను. అదొక్కటే కాదు. నడమన ఎవరికీ ఏమీ తెలియని ఆ ఏడేళ్లు మా వీధిలో మొదలవుతాయి.

ఆ ఏప్రిల్‌లో సారుకు గంజిపొడి ఒకటి కుదిరింది. మే నెలలో దాన్ని మగ్గాల మీద పరీక్ష పెట్టాం. పన్నెండు ఇళ్లు ఎంచుకున్నాం. ఆరు ఇళ్లకు కొత్త గంజి పట్టించి ఆరబెట్టిన పడుగులు గది నుంచే ఇచ్చాం. మిగతా ఆరు ఇళ్లవాళ్లు ఎప్పటిలాగే తమ గంజి తామే పట్టించుకున్నారు. నూలు ఒకటే, రంగు ఒకటే. ప్రతి మగ్గం పక్కన ఒక డబ్బా, దోసెడు చింతగింజలు పెట్టాను. పోగు తెగిన ప్రతిసారీ ఒక గింజ డబ్బాలో వేయాలి. రోజుకు మూడుసార్లు నేను పోయి గింజలు లెక్కబెట్టి రాసుకోవాలి.

"పోగు అతకాల్నా, గింజ వేయాల్నా? నాకుండేది రెండు చేతులే" అని నాయన గునిశాడు.

"కొత్త గంజి పడుగుకు ఇంకేమీ పట్టించొద్దని అందరికీ చెప్పినావా?" అని సారు నన్ను నాలుగుసార్లు అడిగాడు. చెప్పాను. అందరూ సరేనన్నారు.

పది రోజుల్లో లెక్క తేలింది. పాత గంజి పడుగుల మీద రోజుకు ముప్పయ్యికి తగ్గకుండా తెగాయి. కొత్త గంజి మీద పది, పదకొండు, పన్నెండు. మా ఇంట్లో పది. ఒక్క ఇంట్లో మాత్రం కొత్త గంజి మీద కూడా ముప్పయి నాలుగు. అది దావీదురాజు మగ్గం.

శనివారం సాయంత్రం ఆ కాగితం సారు ముందు పెట్టాను. ఆయన వేలితో వరుసలు దిగుతూ ముప్పయి నాలుగు దగ్గర ఆగాడు. "దావీదురాజుది మగ్గం దోషం. లేకుంటే చేతి దోషం. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. పక్కన పెన్సిలుతో రాయి" అన్నాడు.

మూడేళ్లలో ఆయన పెన్సిలుతో రాయమనడం అదే మొదటిసారి. నేను పెన్సిలుతో రాశాను. కింద నా పేరు కూడా రాశాను, శివలీల అని.

శెట్టిగారు ఆ కాగితాన్ని దేవుడి పటం దగ్గర పెట్టాడు. కోయంబత్తూరు నుంచి తెప్పించబోయే గంజిపొడి తయారు చేసే యంత్రానికి సోమవారం పదింటికి అడ్వాన్సు చెక్కు ఇవ్వాలని నిశ్చయమైంది. కడప జిల్లాలో జమ్మలమడుగు, మాధవరం నేతగాళ్లకు పొడి అమ్ముతానని ఆయన అప్పటికే మాట ఇచ్చాడు. రెండు వందల మగ్గాలు. శ్రావణం పని కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు.

"ఆ దావీదురాజుకు మాత్రం సన్ననూలు ఇయ్యొద్దు నాయనా. చెయ్యి నిలకడ లేదు వానికి" అన్నాడు కిరణ్‌కుమార్. శెట్టిగారు తల ఊపాడు.

ఆదివారం డబ్బాలు వెనక్కి తేవడానికి బయలుదేరాను. దావీదురాజు ఇల్లు మా వీధికి అవతల, చర్చి పక్కన. ప్రార్థన ముగించుకుని వాళ్లు అప్పుడే వచ్చారు. అతని భార్య జ్ఞానమణి గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమ్మే శివలీలా, మా ఆయన చేతిలో నిలకడ లేదని ఊరంతా సాటించి వచ్చినావా?"

"నేనేమీ అనలేదక్కా."

"నువ్వు యాడ అంటావు. నోరు లేదు కదా నీకు. నీ పుస్తకం అంటాది."

"ఊరుకోమ్మే, పిల్లను పట్టుకోని" అన్నాడు దావీదురాజు లోపల్నుంచి. "ఏం పాపా, పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేస్తే పోగులు నిలుస్తాయంట. మీ సారుకు చెప్పు, కడుపు నొప్పికి కూడా పనికొస్తాది." నవ్వాడు కాని, ఆ నవ్వు కళ్లలోకి రాలేదు. సన్ననూలు రాదన్న సంగతి అతనికి అప్పటికే తెలిసినట్టుంది.

డబ్బా తీసుకోవడానికి మగ్గం పక్కన వంగాను. పడుగు మీద నా చెయ్యి తగిలింది. గరుగ్గా ఉంది, ఎండిన గడ్డిలాగా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్లీ పెట్టాను. అదే గంజి, నేనే దగ్గరుండి పట్టించిన గంజి. మా ఇంట్లో మగ్గం మీద అదే పడుగు ఇలా లేదు. మెత్తగా, అరచేతికి అంటుకున్నట్టు ఉంటుంది.

ఎందుకుంటుంది? అనుకున్నాను. అనుకోగానే మా అమ్మ చెయ్యి కళ్ల ముందు కనిపించింది.

"అక్కా" అన్నాను. "పొద్దున పడుగు వదిలినప్పుడు మీరు ఇంటి చెయ్యి పెట్టరా?"

జ్ఞానమణి నన్ను వింతగా చూసింది. "మా అత్త బాప్తిస్మం తీసుకున్న కాన్నుంచి లేదు. అది మీ చౌడమ్మ తల్లికి మొక్కి పెట్టేది కదమ్మే. మేమెందుకు పెడతాం?"

మా వీధిలో ఒక ఆచారం ఉంది. పడుగు వేరేవాళ్ల చేతి మీదుగా వస్తే అది పరాయి పడుగు. దాన్ని అలాగే నేయకూడదు. మడిచి ఉంచిన పడుగును ప్రతిరోజూ పొద్దున కొంత కొంత వదులుతారు కదా, అప్పుడు ఇంటి పెద్దామె పులిసిన జొన్నగంజి కుండలో నాలుగు చుక్కల ఆముదం వేసి, అందులో చెయ్యి ముంచి, మా ఇలవేల్పును చౌడమ్మ తల్లీ అని తలుచుకుంటూ ఆ వదిలిన మేర అంతా మూడుసార్లు నిమురుతుంది. అప్పుడే నాయన మగ్గం గుంతలోకి దిగుతాడు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ పది రోజులూ కూడా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పది అడుగుల దూరంలో కూర్చుని చూశాను. రాయలేదు. దీపం పెట్టింది, వాకిట్లో నీళ్లు చల్లింది అని రాస్తామా? అలాగే ఇది కూడా రాయలేదు.

డబ్బాలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను.

"కొత్త పడుగుకు కూడా చెయ్యి పెట్టినావు కదమ్మా?" అని అడిగాను.

అమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. "పెట్టకుండా ఎట్ల ఎక్కిస్తారు మే? యాడో గదిలో, ఎవురో పట్టిచ్చిన గంజి. దాని మీద కూర్చునేది మీ నాయన. మీ పెద్దనాయన ఒక్క దినం వద్దులే అంటే ఏమాయ? దోనె జారి వేలు రెండు ముక్కలాయ."

"సారు ఏమీ పట్టించొద్దన్నాడు కదా."

"గంజి యాడ పట్టిచ్చినా? కుంచె ముట్టలే, వీధిలో పరచలే. ఉత్త చెయ్యే కదా పెట్టినా."

అమ్మ అబద్ధం చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొత్త గంజి పడుగులు ఇచ్చిన మిగతా నాలుగు ఇళ్లకూ పోయాను. అడగనక్కర్లేదు, అయినా అడిగాను. ఆఖరి ఇంట్లో రామేశ్వరమ్మ పెద్దమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఇదేం ప్రశ్నమ్మే? రేపు పొద్దున ముఖం కడుక్కున్నారా అని కూడా రాసుకుంటావా ఏంది?"

నాలుగు ఇళ్లలోనూ పెట్టారు. పాత గంజి పట్టించుకున్న ఆరు ఇళ్లలో పెట్టలేదు. అది తమ గంజే, పరాయిది కాదు. అంటే కొత్త గంజిని ఉన్నదున్నట్టుగా నేసినవాడు ఊరంతటికీ దావీదురాజు ఒక్కడే. అతని లెక్కనే నేను పెన్సిలుతో పక్కన రాశాను.

చెప్తే గదికి తాళం. కిరణ్‌కుమార్ ఆ ఒక్క మాట కోసమే మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు. సారు ముసలితనంలో ఏ ముఖంతో ఆదోనికి పోతాడు? చెప్పకపోతే పొడి బస్తాలు జమ్మలమడుగుకు, మాధవరానికి పోతాయి. అక్కడి వాళ్లకు మా అమ్మ చెయ్యి లేదు. రెండు వందల ఇళ్లలో, నేను ఎప్పుడూ చూడని మనుషులు, నా పేరున్న కాగితాన్ని నమ్మి మగ్గం ఎక్కుతారు. చింతాకు నలిగినట్టు ఆ చప్పుడు రెండు వందల ఇళ్లలో ఒక్కసారే వినిపించసాగింది. ఆ పూట అన్నం సగంలో లేచాను.

సోమవారం తొమ్మిదిన్నరకు అంగడికి పోయాను. కోయంబత్తూరు కంపెనీ మనిషి అప్పటికే వచ్చి ఉగ్గాని, బజ్జీ తింటూ కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాడు. శెట్టిగారి భార్య సుబ్బరత్నమ్మ చెక్కు పుస్తకానికి పసుపు బొట్టు పెడుతోంది. సారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మూడేళ్లలో ఆయన్ను ఇస్త్రీ చొక్కాలో చూడటం అదే మొదలు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. శెట్టిగారు కలం టోపీ తీశాడు.

"సార్" అన్నాను. ఎవరూ వినలేదు. "సార్, ఆ లెక్క తప్పు."

ఈసారి అందరూ విన్నారు. సుబ్బరత్నమ్మ చేతిలోని పసుపు గిన్నె గల్లుమంది.

చెప్పాను. అంతసేపు మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. అమ్మ చెయ్యి, ఆముదం, ఐదు ఇళ్లు, దావీదురాజు. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం. సారు ముఖం చూడలేదు. ఆయన చొక్కా గుండీ ఒక్కదాన్నే చూస్తూ చెప్పాను.

మొదట నవ్వింది కిరణ్‌కుమార్. "చూస్తివా నాయనా! మూడేండ్లు, ఒక గది, ఒక సారు. ఆఖరికి కనిపెట్టింది వెంకటప్ప పెండ్లాం చెయ్యి!"

శెట్టిగారు నవ్వలేదు. కోపం కూడా రాలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "ఎప్పుడు తెలిసె నీకు?" అన్నాడు.

"నిన్న మధ్యాహ్నం."

"ఇంకెవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకుండా ఉండింటే ఏమయ్యేది?"

"ఈడ ఏమీ అయ్యేది కాదు. జమ్మలమడుగులో అయ్యేది."

ఆయన సారు వైపు తిరిగాడు. "ఏం సార్?"

సారు కుర్చీలో వెనక్కి వాలిపోయి ఉన్నాడు. "తప్పు పిల్లది కాదు శెట్టీ. ముప్పయి నాలుగును పక్కన రాయించింది నేను. కావల్లనే రాయించినా. ఈ గది నిలబడాలని."

"ఇంకోసారి చేయాలంటే ఎన్ని దినాలు?"

"పన్నెండు."

"పన్నెండు దినాలంటే శ్రావణం పోయినట్లే" అన్నాడు కిరణ్‌కుమార్. "ఈయన కోయంబత్తూరు నుంచి వచ్చి ఉత్త చేతుల్తో పోతాడా? ఆ జమ్మలమడుగోళ్లకు ఏం చెప్తావు? గంజిలో ఆముదం మర్చిపోయినాం అని చెప్తావా?"

శెట్టిగారు కలానికి టోపీ పెట్టాడు. చెక్కు పుస్తకం సొరుగులో వేసి మూశాడు. "శ్రావణం పోతే పోనీ. పన్నెండు దినాలు ఇస్తాండా. పదమూడో దినానికి కూడా ఏమీ తేలకుంటే, ఆ గదిలో నీ ఈరోడ్డు చీరలు పెట్టుకో. నేను అడ్డం రాను." లేచి కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "దావీదురాజుకు సన్ననూలు ఇయ్యండి. మనం చెప్పింది చెప్పినట్టు చేసినోడు ఊర్లో వాడొక్కడే."

గది మూతబడలేదు. పన్నెండు రోజుల అవతల నిలబడి ఉంది, అంతే.

సారు మళ్లీ పన్నెండు పడుగులూ కొత్త గంజితోనే తయారు చేయించాడు. ఈసారి ఆరు ఇళ్లలో చెయ్యి పెడతారు, ఆ జొన్నగంజి ఎంత, ఆముదం ఎన్ని చుక్కలు, అన్నీ రాసుకుంటాం. ఆరు ఇళ్లలో పెట్టరు. ఏ ఇల్లు ఏ వరుసలోకి వస్తుందో చీటీలు వేసి తీశాం. మా ఇల్లు పెట్టని వరుసలోకి వచ్చింది.

అది విని అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. అన్నం వడ్డించి పక్కకు తిరిగి కూర్చుంది. "వేరే ఇంటికి మార్చుకోరాదా మే?" అంది చివరికి.

"మారిస్తే మళ్లీ అదే తప్పు అవుతుందమ్మా."

"మీ పెద్దనాయన వేలు..."

"తెలుసమ్మా."

మరుసటి పొద్దున సారు మా ఇంటికి వచ్చి మూలన పీట మీద కూర్చున్నాడు. నాయన పడుగు వదిలాడు. తెల్లగా, గరుగ్గా, గోడ దాకా సాగింది. అమ్మ అలవాటు కొద్దీ కుండ దగ్గరికి పోయి చెయ్యి ముంచేసింది. ముంచాక నా వైపు చూసింది. చూసి, ఆ తడి చెయ్యిని కొంగుతో తుడిచింది. ఒకసారి తుడిచి, ఇంకా అంటుకుని ఉందేమోనని మళ్లీ తుడిచింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని స్తంభానికి ఆనుకుంది.

నాయన గుంతలోకి దిగలేదు. అమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"దిగు" అంది అమ్మ. "నీ కూతురు రాసుకోవల్ల."

నాయన దిగాడు. దోనె అటు పోయింది, ఇటు వచ్చింది. మగ్గం దెబ్బలు నాలుగైదు పడ్డాయి. అమ్మ పెదవులు కదులుతున్నాయి, చౌడమ్మ తల్లీ, చౌడమ్మ తల్లీ అని. సారు కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను చెవి పెట్టి కూర్చున్నాను.

తెగింది.

అమ్మ ఉలిక్కిపడి నాయన వేళ్ల వైపు చూసింది. వేళ్లు బాగానే ఉన్నాయి. ఆయన వంగి పోగు అతికాడు, చేతికి అందిన చింతగింజను డబ్బాలో వేశాడు. ఖాళీ డబ్బాలో అది పెద్ద చప్పుడు చేసింది. నేను ఎర్ర కలం తీసి ఒకటి అని రాసుకున్నాను.